బెండపువ్వు ప్రశ్న అడిగిన మా దేవదానం సార్

దేవదానం సార్ ఇక లేరన్న కబురు నాకు బడి వరండాలో, మధ్యాహ్న భోజనం వడ్డిస్తుండగా అందింది. పిల్లలు పళ్లేలు పట్టుకుని వరుసలో నిలబడి ఉన్నారు. ఫోన్లో సార్ భార్య కరుణమ్మగారు. "పొద్దుగాల చాయ్ తాగిండు బిడ్డా. పేపర్ సదువుకుంట కుర్చీల కూసున్నడు. రొట్టె తిందువు లే అని పిలిస్తె పలకలే," అన్నారామె. ఆమె గొంతులో ఏడుపు కంటే ఆశ్చర్యమే ఎక్కువగా వినిపించింది. నాకైతే ఆ మాటలు చెవిని చేరాయి గానీ మనసును చేరడానికి చాలాసేపు పట్టింది. మొన్న ఆదివారమే కదా ఆయన నాతో అరగంట మాట్లాడింది! ప్రతి ఆదివారం అడిగే ఒకే ఒక్క ప్రశ్న ఆ రోజూ అడిగారు: "ఈ వారం నీ పిల్లలు నిన్నేమడిగిండ్రు?" నేను చెప్పింది విని, "గంతేనా? జర ఎక్కువ అడుగుమను," అని నవ్వారు. గరిటె పట్టుకుని నేను అలాగే నిలబడిపోతే, ఎదురుగా ఉన్న పిల్ల "టీచర్, పప్పు" అని గుర్తుచేసింది.

మరణం అనివార్యమని ఎరిగినవాళ్లమే. డెబ్బయ్యో పడిలో, మంచాన పడకుండా, ఒకరి చేత నీళ్లు తాగించుకోకుండా, తన చాయ్ తాను తాగి వెళ్లిపోవడం పుణ్యఫలమేనని వచ్చినవాళ్లంతా అన్నారు. కావచ్చు. నాకు మాత్రం ఇంకా కోపంగానే ఉంది. ఆ కోపం తగ్గేలోపే ఆయన గురించి రాయాలని కూర్చున్నాను, ఎందుకంటే తగ్గాక రాస్తే పొగడ్తలు తప్ప ఏమీ మిగలవు. పైగా రాయవలసినవాళ్లలో మొదటిదాన్ని నేనే. నేను ఐదో తరగతిలో ఆగిపోవలసిన పిల్లను. మా నాయన నన్ను బడి మాన్పించాడు. మాన్పించడానికి కారణం దేవదానం సారే. తిరిగి పంపించడానికి కారణమూ ఆయనే. ఈ వ్యాసంలో ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఆ సంగతే.

సంస్మరణ వ్యాసాల్లో గతించినవారందరూ సౌమ్యమూర్తులు, మితభాషులు, క్రమశిక్షణకు మారుపేర్లు. మా సార్ ఈ మూడింటిలో ఏదీ కారు. ఆయన మాట వీధి చివరి దాకా వినిపించేది. హాజరు పట్టీ ఎక్కడ పెట్టారో ఆయనకే తెలిసేది కాదు, పిల్లలమే వెతికి ఇచ్చేవాళ్లం. బోర్డు మీద ఆయన రాత కోడి కెలికినట్టు ఉండేది. పాట ఎత్తుకుంటే శ్రుతి ఒక ఊళ్లో, ఆయన ఇంకో ఊళ్లో. అయినా ఏ పాఠమూ పాట లేకుండా మొదలయ్యేది కాదు. ఇన్ని లోపాలున్న మనిషి తరగతిలోకి అడుగుపెడితే మాకు పండగలా ఉండేది. జ్వరం వచ్చినా ఇంట్లో చెప్పకుండా బడికి పోయినవాళ్లం మేము.

ఆయన పుట్టింది అలంపూర్ దగ్గరి ఒక పల్లెలో, తరాలుగా కూలి మీద, వలస మీద బతికిన క్రైస్తవ కుటుంబంలో. తల్లిదండ్రులు కాలువ తవ్వకాల పనులకు ఎక్కడికి పోతే అక్కడికి ఈయననూ తీసుకుపోయారు. అక్కడి బడిలో ఒకటో తరగతిలో కూర్చోబెట్టేవారు. మూణ్ణెల్లకు పని అయిపోయేది, కుటుంబం ఇంకో చోటికి పోయేది, అక్కడ మళ్లీ ఒకటో తరగతే. "నేను నాలుగు ఊర్లల్ల ఒకటో తరగతి సదివిన. ఒకటో తరగతి గురించి నాకన్న తెల్సినోడు ఈ పాలమూరుల లేడు," అని మాతో గొప్పగా చెప్పుకునేవారు. మేము పడిపడి నవ్వేవాళ్లం. ఆ మాటలో ఎంత బాధ ఉందో నాకు పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు. బహుశా మేము నవ్వడమే ఆయనకు కావలసింది.

గద్వాలకు గంట దూరంలో ఉండే మా ఊరి బడికి ఆయన వచ్చినప్పుడు నాది నాలుగో తరగతి. రెండు గదులు, ఐదు తరగతులు, ఇద్దరు సార్లు. హెడ్‌మాస్టరును పెద్దసారు అనేవాళ్లం. ఆయన మెతక మనిషి, జీతం కంటే ప్రశాంతత ముఖ్యమనుకునే రకం. దేవదానం సార్ వచ్చిన మొదటివారమే ఆ ప్రశాంతతకు నీళ్లొదులుకోవలసి వచ్చింది. బడి ముందు ఖాళీ జాగాలో సార్ ముగ్గుపిండితో రెండు పొడవాటి వంకర గీతలు గీశారు. ఒకటి కృష్ణ, రెండోది తుంగభద్ర. మధ్యలో ఉన్నది మన నడిగడ్డ అన్నారు. సగం మంది పిల్లలం కృష్ణ నీళ్లం, సగం మంది తుంగభద్ర నీళ్లం. గీత వెంట పరుగెత్తి, దారిలో ఎవరి ఊరు వస్తే వాళ్లు ఆ ఊరి పేరు అరిచి, చివర రెండు వరుసలూ కలిసిపోవాలి. కలిసేచోట రోజూ ఎవరో ఒకరు కిందపడేవారు. ఈనాటికీ పటం చూడకుండా ఆ రెండు నదుల దారి నేను గీయగలను.

అలాంటి ఒక రోజు తనిఖీకి ఒక అధికారి వచ్చారు. గదులు రెండూ ఖాళీ. బయట డెబ్బై మంది పిల్లలు దుమ్ము రేపుకుంటూ పరుగెడుతున్నారు. ఆయన నోరు తెరిచి గీతకు అడ్డంగా నిలబడ్డారు. మూడో తరగతి పిల్ల ఒకతె ఆయన ముందు ఆగి, ఆయాసపడుతూ, "సార్, నేను తుంగభద్రను. జర పక్కకు జరుగుండ్రి, వరదొస్తుంది," అంది. పెద్దసారుకు ముచ్చెమటలు పట్టాయి. అధికారి మాత్రం పక్కకు జరిగారు. పోతూ పోతూ తనిఖీ పుస్తకంలో ఏదో రాశారు. అది మెప్పో మందలింపో పెద్దసారు ఎవరికీ చెప్పలేదు, దేవదానం సార్ అడగనూ లేదు.

ఏడో ఎక్కం ఆయన మాకు తొక్కుడుబిళ్ల గళ్లలో నేర్పారు. పిల్లలతో పాటు తానూ ఒంటికాలి మీద గెంతి, నలభై తొమ్మిది దగ్గర జారి, చెప్పు తెంపుకున్నారు. ఆ రోజంతా ఒక కాలికే చెప్పు వేసుకుని పాఠం చెప్పారు. "ఏడేళ్లు ఎంత?" అని ఎవరడిగినా ఇప్పటికీ నాకు ముందు ఆ చెప్పే గుర్తుకొస్తుంది. ఇవన్నీ విని, అయ్యో ఈయన ఆటలు తప్ప చదువు చెప్పలేదా అని అనుమానించేవాళ్లు అప్పుడూ ఉన్నారు. వాళ్లకు ఆయన జవాబు ఒకటే: "పిల్లలు కూసోని విన్నది సగం ఇంటికి పోయేదాంక ఉండదు. లేసి చేసింది యాడికి పోతది?"

ఇక అసలు సంగతి. మా ప్రాంతం సీడు పత్తికి, అంటే విత్తనం కోసమే పండించే పత్తికి పేరు. తెలియనివారి కోసం రెండు మాటలు. మర్నాడు విచ్చబోయే మొగ్గను సాయంత్రం పూట గిల్లి, లోపలి కేసరాలు తీసేసి, గుర్తుకు ఎర్ర కాగితం ముక్క పెట్టాలి. తెల్లారి ఎండ ముదరకముందే వేరే సాలులోని మగపువ్వు తెచ్చి దాని పుప్పొడి రుద్దాలి. ఆ పూట దాటిందంటే ఆ మొగ్గ రాలిపోవడమే. క్రాసింగ్ అంటారు దీన్ని. రెండు నెలల పాటు ఒక్క పూట కూడా ఆపడానికి లేదు, ఇంట్లో చావు పుట్టుకలు జరిగినా సరే. సన్నటి వేళ్లు కావాలి కాబట్టి ఆ రోజుల్లో ఊళ్లోని ఆడపిల్లలందరూ చేలల్లోనే ఉండేవాళ్లు. ఆ సీజన్లో మా తరగతిలో మగపిల్లలు, గోడలు మాత్రమే మిగిలేవి. మాది ఉన్న మెట్ట పొలం చాలక ఇంకొంత కౌలుకు తీసుకుని చేసుకునే కుటుంబం. నేను కూడా పొద్దున పూట చేనులో, మధ్యాహ్నం వీలైతే బడిలో ఉండేదాన్ని.

వేరే సార్లయితే రిజిస్టర్లో సున్నాలు చుట్టి ఊరుకునేవాళ్లు. దేవదానం సార్ సైకిల్ మీద చేల గట్లకు వచ్చారు. మేము చేసే పని చూస్తూ కూర్చున్నారు. మర్నాడు మధ్యాహ్నం బడిలో నన్ను ముందుకు పిలిచి, చేతిలో పత్తిపువ్వు పెట్టి, "సుంకులు, గియ్యాల నువ్వు సార్. నేను ఐదో తరగతి," అని పోయి మగపిల్లల మధ్య చాప మీద కూర్చున్నారు. మొగ్గ ఎట్లా గిల్లుతారో, ఏది ఉంచుతారో, ఏది తీస్తారో చెప్పాను. నేను చెప్పే ఒక్కో భాగానికి ఆయన లేచి బోర్డు మీద పుస్తకంలోని పేరు రాశారు. ఆకర్షక పత్రాలు, కేసరాలు, కీలాగ్రం, అండాశయం. ఆ పెద్ద పెద్ద పేర్లన్నీ నా వేళ్లకు అంతకుముందే తెలుసని తెలిసి నేను పొంగిపోయాను. ఆ రోజు నడిచి ఇంటికి పోలేదు, ఎగిరి పోయాను.

నా కొంప ముంచిన ప్రశ్న కూడా ఆ పాఠంలోనే వచ్చింది. ఎవరో ఒక బెండపువ్వు తెచ్చి పత్తిపువ్వు పక్కన పెట్టారు. రెండూ అక్కాచెల్లెళ్లలా ఉన్నాయి. అదే పసుపు, అదే పొందిక. సార్ రెండింటినీ తిప్పి తిప్పి చూసి, "బెండ పుప్పొడి దెచ్చి పత్తికి రుద్దితె ఏమైతది?" అన్నారు. తరగతి గోలగోల అయింది. బెండకాయ కోస్తే లోపల దూది ఉంటుందని ఒకడు. పత్తిచెట్టుకు బెండకాయలు కాస్తే కూరకు కూర, దుప్పటికి దుప్పటి అని ఇంకొకడు. చివరికి అందరం సార్ వైపు చూశాం. ఆయన చేతులు చాపి, "నాకు తెల్వదు," అన్నారు. ఒక సార్ నోట ఆ మాట వినడం మాకు అదే మొదలు. "తెల్వదు అనుడు సిగ్గు గాదు. తెల్వదని ఊకుండుడు సిగ్గు," అని కూడా అన్నారు. బడి దగ్గర డబ్బాలలో రెండు మొక్కలు పెంచి చూద్దామన్నది ఆయన ఆలోచన. కానీ ఆ మాట చెప్పేలోపు గంట కొట్టేశారు, నేను అప్పటికే గేటు దాటాను.

మా చేను గట్టు వెంట అమ్మ ఎప్పుడూ బెండ వేసేది. ఆ తర్వాతి మూడు రోజులు నేను ఎవరికీ కనబడకుండా ఆ బెండపువ్వులన్నీ కోసి, మూలకు ఉన్న రెండు సాళ్ల పత్తికి వాటి పుప్పొడే రుద్దాను. నియమంగా, శ్రద్ధగా, ఒక్క మొగ్గ వదలకుండా. జవాబు కనుక్కున్న మొదటిదాన్ని నేనే కావాలి, సార్ నన్ను మళ్లీ ముందుకు పిలవాలి. అంతకు మించి నా తలలో ఏమీ లేదు. నాయన కష్టం ఆలోచించే వయసు నాకు లేదని ఇప్పుడు సర్దిచెప్పుకుంటాను గానీ, తొమ్మిదేళ్లు నిండిన రైతుబిడ్డకు ఆ మాత్రం తెలియకుండా ఉండదు. తెలిసే చేశాను. ఆ ఉత్సాహం ముందు ఆ తెలివి నిలబడలేదు.

ముందు అనుమానం వచ్చింది అమ్మకు. "గీ బెండకు ఏమొచ్చింది, ఒక్క కాయ గూడ పట్టలే," అని గొణిగింది. నాలుగో రోజు నాయన మూలసాళ్లకు పోయాడు. ఎర్ర కాగితాలు గుచ్చిన మొగ్గలన్నీ వడలి నేల మీద రాలి ఉన్నాయి. మందు పడలేదేమో, పురుగు పట్టిందేమో అని చూస్తుంటే, గట్టు కింద నేను దాచిన బెండపూల కుప్ప కనబడింది. నాయన నన్ను పిలిచాడు. నేను అబద్ధం చెప్పలేదు. పైగా, పాఠం ఒప్పజెప్పినట్టు, "సార్ అడిగిండు నాయనా, బెండ పుప్పొడి రుద్దితె ఏమైతదని," అన్నాను. నాయన చెయ్యెత్తాడు. అమ్మ అడ్డం వచ్చింది. అప్పుడు నాయన రాలిన మొగ్గలు కండువాలో వేసుకుని, నా రెక్క పట్టుకుని బడికి నడిచాడు.

ఆ దృశ్యం నాకు కళ్లకు కట్టినట్టుంది. నాయన మొగ్గలన్నీ బల్ల మీద కుమ్మరించి, "పిల్లలకు గిట్లనేనా సదువు సెప్పేది? నా రెండు సాళ్లు మట్టిల గల్పినవ్," అని కేకలు వేశాడు. పెద్దసారు గది మూలకు నక్కారు. దేవదానం సార్ అంతా విన్నారు. తర్వాత పిల్లల వైపు తిరిగి, "ఈ ప్రశ్న అడిగిందెవరు?" అన్నారు. పిల్లలు ఒక్క గొంతుతో, "మీరే సార్!" అన్నారు. "మరి శిక్ష ఎవరికి?" అని, రెండు చెవులు పట్టుకుని గుంజీలు మొదలుపెట్టారు. మూడోదానికి పిల్లలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఆరోదానికి నాయనే సిగ్గుపడి, "సార్, సార్, ఊకో. ఏంది గిది," అన్నాడు. సార్ పది పూర్తిచేసే ఆగారు. అయినా నాయన కోపం చల్లారలేదు. "ఇగ దీనికి బడి బంద్," అని నన్ను తీసుకుని ఇంటికి వచ్చేశాడు.

నాయన ఒక మాట అన్నాడంటే ఊళ్లో పెద్దమనుషులు వచ్చినా తిప్పలేరు. నా పలక, సంచి అమ్మ అటక మీద పెట్టింది. ఆ రెండు రోజులు నేను చేనులో ఉన్నంతసేపు బడి గంట వినబడకూడదని దూరపు సాళ్లలో పని చేశాను. మా వీధిలో నాకంటే పెద్ద ఆడపిల్లలు ఎవరూ ఐదు దాటలేదు. నా దారీ అదేనని అందరికీ తెలుసు. నాకు మాత్రం అన్నం సహించలేదు. చదువు పోయిందని కాదు, ఆ వయసులో చదువంటే ఏమిటో నాకేం తెలుసు? సార్ రేపు ఏం చేయిస్తారో, అది నేను లేకుండా జరిగిపోతుందే అని నా ఏడుపు. పిల్లలను బడికి కట్టిపడేసేది అదొక్కటేనని ఇరవై ఏళ్ల ఉద్యోగం తర్వాత కూడా నా నమ్మకం.

మూడో రోజు తెల్లవారగానే సార్ సైకిల్ మా చేను గట్టు మీద కనబడింది. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి ఉంది. "తిమ్మప్పన్నా, బిడ్డ చెడగొట్టింది నా మూలాన. దాన్ని బడికి పంపు. దాని పని నేను చేస్త. పొద్దుగాల మగపువ్వు రుద్దిపోత, సాయంత్రం బడి ఇడ్సినంక వచ్చి మొగ్గలు గిల్లిపోత," అన్నారు. నాయన నమ్మలేదు. సార్ అంటే కుర్చీలో కూర్చునే మనిషి. "నీకు రాదు సార్," అన్నాడు. "నీ బిడ్డ నేర్పింది గద," అని సార్ సాలులోకి దిగారు. నాయన అప్పటికీ నన్ను పంపలేదు, ముందు ఈయన పని చూద్దామన్నాడు. అలా నేను, నా సార్, ఒకే సాలులో పక్కపక్కన పనికి నిలబడ్డాం. ఆయన మెల్లగా నన్ను ఎక్కాలు అడిగేవారు, నేను మెల్లగా ఆయన తప్పులు దిద్దేదాన్ని.

ఆ తప్పులు ఎన్నని! ఆయన వేళ్లు బొగ్గు ముక్కల్లా లావు. కేసరాలు తీయబోయి కీలం విరిచేవారు. ఎర్ర కాగితం గిల్లని మొగ్గకు పెట్టేవారు, గిల్లినదాన్ని మరిచిపోయేవారు. మగపువ్వు చేతిలో పట్టుకుని, "ఇది ఎంత అందంగ ఉన్నదో చూడు బిడ్డా," అని నిలబడిపోయేవారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "సార్, మొగ్గను గిల్లుమంటె మెడ విరుస్తుంటివి గద," అనేది. ఆయన నొచ్చుకోకుండా, "ఇంగొక్కపారి సూపియ్యి వదినా," అనేవారు. చొక్కా నిండా పసుపు పుప్పొడితో బడికి పోయేవారు. బడి వదలగానే మళ్లీ వచ్చేవారు. ఒక్క పూట కూడా మానలేదు.

ఎనిమిదో రోజు నాయన ఆయన చేసిన సాళ్లన్నీ నడిచి చూశాడు. వచ్చి, తలపాగా తీసి చేతిలో పట్టుకుని, "సార్, బిడ్డ చెడగొట్టింది రెండు సాళ్లే. నువ్వు నాలుగు సాళ్లు ఖరాబ్ జేస్తివి. నీకు దండం పెడత. నువ్వు బడికి పో. నీ ఎంబడి దాన్ని గూడ తోల్కపో. మీరిద్దరు బడిల ఉంటెనే నా చేను బాగుంటది," అన్నాడు. అమ్మ అప్పటికే నవ్వు ఆపుకోలేక కూలబడింది. సార్ ముఖంలో సంతోషం, అవమానం రెండూ కనబడ్డాయి. నేను సైకిల్ వెనక ఎక్కి కూర్చునేదాకా ఆయన ఆగలేదు, ఎక్కడ నాయన మనసు మారుతుందోనని. దారిపొడవునా ఈల వేశారు, అదీ శ్రుతి తప్పి.

తరగతి గోడ మీద నాకోసం ఒక కాగితం అంటించి ఉంది. నాయన కుమ్మరించిపోయిన ఆ వడలిన మొగ్గలలో రెండింటిని దారంతో దానికి కట్టారు. కింద సార్ కోడి కెలికిన రాత: "బెండ పుప్పొడి రుద్దితే పత్తికాయ నిలవదు, రాలిపోతుంది. కనుగొన్నది: సుంకులమ్మ, ఐదో తరగతి." నేను బడి మానేసిన మర్నాడే అది అంటించారట. నన్ను ఎవరూ మెచ్చుకోలేదు, ఎవరూ తిట్టలేదు. నా తప్పు ఒక పాఠమై గోడ మీద ఉంది. ఆ తర్వాత నా జీవితంలో పట్టాలు, ఉత్తర్వులు చాలానే అందుకున్నాను. అంత గౌరవం ఇచ్చిన కాగితం ఇంకోటి లేదు.

సీజన్ అయ్యాక సార్ మా నాయనను కూడా వదలలేదు. విత్తనం గురించి పిల్లలకు చెప్పమని బడికి పిలిపించారు. బడి ముఖం చూడని మా నాయన గడప దగ్గరే చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఐదు నిమిషాలు చెప్పమంటే గంటన్నర చెప్పాడు. ఏ మబ్బు ఎటు నుంచి వస్తే వాన పడుతుందో, ఏ నేల ఏ విత్తును ఒప్పుకుంటుందో. గంట కొట్టినా ఆపలేదు. సార్ చాప మీద కూర్చుని నోటు పుస్తకంలో రాసుకున్నారు. ఆ రోజు నుంచి నాయన నన్ను క్రాసింగ్‌కు రమ్మనలేదు. కూలి మనిషిని పెట్టుకున్నాడు. ఐదు అయింది, పది అయింది, వనపర్తిలో పై చదువూ అయింది.

సార్ మా చేనులో ఆ పనిని కావాలనే చెడగొట్టారా అని నాకు ఏళ్ల తరబడి అనుమానం. ఉద్యోగం వచ్చిన రోజు మిఠాయి పట్టుకుపోయి అడిగేశాను. ఆయన నిజంగా నొచ్చుకున్నారు. "ఏంది బిడ్డా, గట్లంటవు? మస్తు కష్టపడి చేసిన. రాలే, ఏం జేయాలె? మా అమ్మ గూడ గదే అనేది, నీ చేతులకు పని రాదు, పోయి సదువుకో అని," అన్నారు. నేను క్షమాపణ చెప్పుకున్నాను. పక్కన కరుణమ్మగారు మాత్రం నాకు కన్నుగీటారు. ఆమె ఉద్దేశమేమిటో ఆమెను అడగలేదు, ఇక అడగదలచుకోలేదు.

తుంగభద్ర పొంగి అలంపూర్ ప్రాంతమంతా మునిగిన ఏడు ఆయన అటువైపు ఒక బడిలో ఉన్నారు. పుస్తకాలు తడిసి అట్టలు కట్టాయి. కొత్తవి వచ్చేదాకా ఊరుకోకుండా, ఎవరికి ఏ పాఠం గుర్తుందో అది రాయమని పిల్లలకు కాగితాలు పంచారు. గుర్తులేనిచోట పిల్లలు సొంతంగా కల్పించారు. అశోకుడి పాఠంలో ఒకడు తన అవ్వ పోగొట్టుకున్న మేకను చేర్చాడట, అశోకుడు దాన్ని వెతికించి ఇప్పించాడట. కొత్త పుస్తకాలు వచ్చాక ఆ పాఠంలో మేక లేదని పిల్లలు గొడవ చేశారని సార్ చెప్పి చెప్పి నవ్వేవారు.

ఇంత నేర్చుకున్న నేను ఎలాంటి టీచరునయ్యానో కూడా చెప్పాలి. అమరచింత మండలంలోని నా బడిలో మొదటి ఎనిమిదేళ్లు నా తరగతి నోటి మీద వేలు వేసుకుని కూర్చునేది. సూది పడితే వినబడేది, నాకు అదే గర్వం. నాగర్‌కర్నూల్లో కూతురి ఇంటికి పోయి వస్తూ ఒకసారి సార్ పనిగట్టుకుని మా బడి దగ్గర దిగారు. నా తరగతిలో వెనక గంటసేపు కూర్చున్నారు. బయట చాయ్ తాగుతూ, "క్లాసు మస్తు నిమ్మళంగ ఉన్నది బిడ్డా. పిల్లలు యాడికన్న పోయిండ్రా?" అన్నారు. నాకు ఒళ్లు మండింది. పరీక్షలు, నివేదికలు, ఫోన్లో ఎక్కించవలసిన ఫోటోలు అన్నీ ఏకరువు పెట్టాను. ఆయన తలూపి, "అన్ని నిజమే. నాకు గూడ భయమే ఉండె," అన్నారు. ఆ మర్నాడే పిల్లలను బయటికి తీసుకుపోయాను. ఒకడికి మోకాలు చీరుకుపోయింది, ఇద్దరు కొట్టుకున్నారు, నా గొంతు పోయింది. ఆయనకు ఫోన్ చేసి అరిచాను. "ఇగ నీ బడి మొదలైంది," అన్నారు.

అలాంటి గురువును కోల్పోవడం మా నడిగడ్డ బడులకు తీరని లోటు అని రాయడం తేలిక. ఆ మాట నిజం కూడా. నా దుఃఖం ఇంకొంచెం చిన్నది, స్వార్థంతో కూడినది. నేను తప్పు చేస్తే నాకంటే ముందు చెవులు పట్టుకునే మనిషి ఈ లోకంలో ఇక లేరు. నిండు జీవితం గడిపి, వేలమంది పిల్లలను నవ్వించి, తృప్తిగా వెళ్లిపోయిన ఆ మహోపాధ్యాయుడి పాదాలకు నమస్కరిస్తున్నాను.

కబురు అందిన మర్నాడు ఆయన సొంత ఊళ్లో, సమాధుల తోటలో ఖననం. ముందురోజు సాయంత్రం అమ్మకు ఫోన్ చేసి కబురు చెప్పాను. క్రాసింగ్ ముమ్మరంగా ఉంది, నాయనను రావద్దని చెప్పు, నేను పోతున్నాను కదా అని కూడా అన్నాను. పాస్టరుగారి ప్రార్థన అయ్యేసరికి పదకొండు దాటింది. తలెత్తి చూస్తే జనంలో నాయన ఉన్నాడు, పక్కన అమ్మ ఉంది. రెండు బస్సులు మారి వచ్చారు. దగ్గరికి పోయి, "చేన్ల ఎవరున్నరు నాయనా?" అన్నాను. "ఎవరు లేరు," అన్నాడు. "నిన్న మొగ్గలు గిల్లలేదా?" "గిల్లినం బిడ్డా. చేనంత గిల్లినం. నీ ఫోన్ ఆయెన్కనే గద వచ్చింది." నేను ఎండ వైపు చూశాను. "అన్ని రాలిపోతయి గద," అన్నాను. "రాలనీ," అన్నాడు నాయన, ముందుకు నడిచి, వంగి, రెండు చేతులతో మట్టి తీసుకున్నాడు.